ఎనిమిదులు

ఎనిమిది రాయడం తేలిక.
పెన్ను ఎత్తే పని లేదు.
ఎక్కడ మొదలెడితే తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.
చీమకుర్తి రాళ్ల ఫ్యాక్టరీలో
పదకొండేళ్లు నేను రాసింది అదొక్కటే.

ఖాజావలి, ఎనిమిది.
దిబ్బయ్య, ఎనిమిది.
ఒరిస్సా పిల్లోడు, పేరు నోరు తిరక్క
బుడ్డోడని రాసుకున్నా, ఎనిమిది.
నీళ్లు పట్టే అంకమ్మ జరమొచ్చి
మధ్యాన్నమే ఇంటికి పోయిన రోజు, సున్నా.
సున్నాల దగ్గర మాత్రం మేం మహా నిక్కచ్చి.

పాలిషింగు లైను రాత్రి పదింటిదాకా తిరిగేది.
కంటైనరొచ్చే వారమైతే తెల్లార్లూ.
కోసేది నల్లరాయే,
బయటికొచ్చే మనుషులు మాత్రం
జుట్టు నుంచి గోళ్ల దాకా తెల్లగా ఉండేవాళ్లు.
ఓటీ సంగతేందయ్యా అంటే
మేనేజరు వంద కాగితం చేతిలో పెట్టి
టిఫినుకి అనేవాడు.
వందకి రసీదు లేదు. టిఫినుకి చట్టం లేదు.

చట్టం గేటు పక్కన, అద్దం వెనక ఉండేది.
అదనపు గంటకి రెట్టింపు కూలి అని
తెలుగులోనే, ముచ్చటైన అచ్చులో.
రాతిపొడి పేరుకుని అక్షరం ఆనేది కాదు.
ఇనస్పెక్టరు వస్తన్నాడంటే
నేనే తడిగుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి.
అద్దం తుడిచే చెయ్యి అద్దాన్నే చూస్తుంది.

నెలాఖరున రెండు పుస్తకాలు ముందేసుకునేవాణ్ణి.
ఎర్రట్టది ఎన్ని పలకలు తేలాయో చూసుకోను,
నీలం అట్టది సర్కారుకి చూపించను.
లైట్లు ఆరిపోయి, గేటు కాడ కుక్క కూడా పడుకున్నాక
ఐదింటికల్లా అందరూ ఇళ్లకి పోయారని
రాత్రి పదకొండింటిదాకా కూర్చుని రాసేవాణ్ణి.
చివరి వరసలో నా పేరు.
మాలకొండయ్య, టైమ్‌కీపరు.
ఎనిమిది.

మొన్న శ్రావణంలో, రాత్రి తొమ్మిదింటికి
ఖాజావలి కుడిచెయ్యి బెల్టులో పడింది.
నీలం పుస్తకం ప్రకారం ఆ టయానికి
ఆ చెయ్యి ఇంట్లో అన్నం కలుపుకుంటా ఉంది.

ఒంగోలు లేబరాఫీసుకి
వాళ్లావిడ మస్తాన్‌బీ పాల క్యాలెండరు పట్టుకొచ్చింది.
గళ్లల్లో పాకెట్ల లెక్క, ఒకటి, ఒకటి, అర.
కింద పెన్సిలుతో మొగుడు గడప తొక్కిన టయాలు.
పది నలభై. పదకొండు. పన్నెండుం బావు.
ఎందుకు రాశావమ్మా అనడిగింది ఆఫీసరమ్మ.
"ఒకరోజు కోపమొచ్చి మొదలెట్టా మేడం.
ఆనక అలవాటైపోయింది."
పాలపాకెట్లు కూడా సాక్ష్యమేనా అని
కంపెనీ లాయరు నవ్వాడు.
నవ్వి, నన్ను పిలిపించాడు.

రాత నీదేనా?
నాదే.
సంతకం?
నాదేనండీ.
అంతటితో అయిపోయేది.
లాయరు ఫైలుకి తాడు కూడా కట్టేశాడు.
ఆవిడ కాగితం తిప్పతా, ఊరికే, మాటవరసకి అడిగినట్టు,
ఇవన్నీ ఏ టయంలో కూర్చుని రాస్తావయ్యా అంది.

అబద్ధం రాయడం వచ్చు నాకు.
చెప్పడం ఎవరూ నేర్పలేదు.
రాత్రి పదకొండింటికమ్మా, అనేశాను.

మస్తాన్‌బీ నా వంక చూళ్లేదు.
క్యాలెండరు చుట్టి రబ్బరుబ్యాండు తగిలించుకుని
బస్సుకి టయమైందని లేచింది.

తీర్పింకా రాలేదు. నా ఉద్యోగం పోయింది.
సాయంత్రం ఐదింటికి ఇంట్లో మనిషి కనబడితే
మా ఆవిడ గడియారం చూస్తుంది, నన్ను చూస్తుంది.
నిన్న పాత కరెంటుబిల్లు వెనక
నా గంటలు కూడదామని కూర్చున్నా,
రెట్టింపు వేస్తే ఎంతవుద్దో చూద్దామని.
రెండేళ్లు కూడానో లేదో
మధ్యలో అంకమ్మ సున్నా అడ్డమొచ్చింది.

ఆ రోజు పొద్దున
ఆమె ఆరింటికే వచ్చింది.