ఇంకొక్కటి

మా మాంటెవీడియోలో మాతె తాగడానికి ఒక పద్ధతుంది.
ఎండు సొరబుర్ర కప్పు ఒకటే, పీల్చే గొట్టం ఒకటే.
పోసేవాళ్ళు పోస్తుంటారు,
తాగినవాళ్ళు తిరిగిస్తుంటారు.
"గ్రాసియాస్" అన్నామా, ఇక చాలని అర్థం.
మర్యాదకి అనే మాట కాదది.
కొత్తవాళ్ళు తెలియక మొదటి కప్పుకే అనేసి
ఆ తర్వాత వంతు రాక
ఎండిన నోటితో కూర్చుంటారు, పాపం.

విల్మార్ బస్సు డిపోలో మెకానిక్.
ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సుల కింద పడుకున్నాడు.
జూన్‌లో, మాకు చలికాలం,
ఒక మంగళవారం చనిపోయాడు.
పోయాడు అనను.
పోవడానికి ఒక చోటుండాలి.
కన్నుమూశాడనీ అనను, మూసింది నేను,
ఈ బొటనవేలితో, ఎడమది రెండుసార్లు.
తిరిగిరాని లోకాలకు అని ఎవరో కార్డు మీద రాశారు.
లోకాల సంగతి నాకు తెలీదు.
తిరిగిరాని అన్నంతవరకూ ఒప్పుకుంటాను.

పక్కింటి ఎవులోహియా
కొవ్వొత్తీ, గుమ్మడికాయ పులుసూ తెచ్చింది.
"పైనుంచి నిన్ను చూస్తూనే ఉంటాడు" అంది.
మా పైన పళ్ళ డాక్టరు ఉంటాడు.
నవ్వొచ్చింది, ఆపుకున్నాను,
ఆమె చేతులు వణుకుతున్నాయి మరి.
పులుసు మూడు రోజులు తిన్నాను.
కొవ్వొత్తి కరెంటు పోయినప్పుడు పనికొచ్చింది.

మా అక్క కూతురు నిల్డా కెమిస్ట్రీ చెబుతుంది.
"పిన్నీ, అణువులు ఎక్కడికీ పోవు,
ఈ గాలిలో, సముద్రమంత వెడల్పున్న మన నదిలో,
వచ్చే ఏటి టమాటాల్లో ఆయనుంటాడు" అంది.
మంచి పిల్ల. నిజమే చెప్పింది.
కానీ నేను కాపురం చేసింది కార్బన్‌తో కాదు కదా.
కెటిల్ మూతని వేలితో కొడుతూ
ఏ పాటకీ చెందని ఈల వేసేవాడితో.

ఇక ఫోస్ఫొరో. అంటే అగ్గిపుల్ల.
ఒళ్ళంతా లేత గోధుమరంగు, తల ఒక్కటే నలుపు,
గీసి ఆర్పేసిన పుల్లలా ఉంటుందని ఆయనే పెట్టాడు ఆ పేరు.
రోజూ సాయంత్రం ఆరూ నలభైకి
తలుపు వెనక కొక్కానికున్న నీలం పనిబట్టల దగ్గరికి వెళ్ళి
ముక్కు ఆనించి నిలబడేది.
నేను ఉతకలేదు. దానికోసమని చెప్పుకున్నాను.

అది నాకన్నా నిక్కచ్చి మనిషి.
ఆత్మ గురించి దానికెవరూ చెప్పలేదు.
ఉన్నంతవరకూ ఉన్నాడు,
గ్రీజు, చెమట, చవక సబ్బు, ఇంకా నా ముక్కుకందనివేవో.
ఆగస్టు చివర గాలివాన వెలిసిన సాయంత్రం
వెళ్ళి వాసన చూసింది.
మళ్ళీ చూసింది.
తల తిప్పి నావైపు ఒక్కసారి చూసి
గిన్నె దగ్గరికెళ్ళి
చప్పుడు చేస్తూ నీళ్ళు తాగింది.

క్రెమటోరియంలో రాని ఏడుపు
అప్పుడొచ్చింది, వంటింటి నేలమీద,
ముక్కు కారుతూ, గుక్కతిప్పుకోనివ్వకుండా.
కుక్క వచ్చి ఒడిలో కూర్చోలేదు,
కథల్లోలా. తాగడం అయ్యాక పడుకుంది.

మర్నాడు ఆ బట్టలు మెషీన్‌లో వేశాను.
జేబులో ఏదో మిగిలిపోయినట్టుంది,
టక్, టక్, టక్,
పూర్తయ్యేదాకా డ్రమ్ములో తిరిగింది.
పదమూడో నంబరు నట్టు.
ఏ బస్సుదో.
అది లేకుండా ఆ బస్సు ఎక్కడెక్కడ తిరుగుతోందో.

నేనిప్పటికీ లీటరు నీళ్ళే కాస్తున్నాను.
సగం ఫ్లాస్కులో చల్లారిపోతాయి,
వాటిని బాల్కనీలో జెరేనియానికి పోస్తాను.
అది చచ్చిపోతోంది కూడా, బహుశా అందుకే.

ఆ మంగళవారం పొద్దున ఇద్దరం ఇదే బల్ల దగ్గర.
నాలుగో కప్పో, ఐదోదో.
గొట్టం గుర్రుమనేదాకా పీల్చి
కప్పు నా చేతికిచ్చాడు.
గ్రాసియాస్ అనలేదు.

నేను నీళ్ళు పోస్తున్నాను.