అడుగు రంగు

"పైన ఏ రంగన్న కొట్టుకో,
అడుగు ఏందో ముందు చెప్పు"
అన్నడు ముక్తార్ భాయ్,
సాగర్ రోడ్డు మీద డబ్బాల నడుమ, చెవిల పెన్సిలుతోని.

నా జేబుల రంగుల కార్డు.
సైదమ్మా నేనూ మూడు రాత్రులు కొట్లాడి తేల్చిన నీలం మీద
పెన్నుతో సున్న చుట్టి ఉన్నది.
ఆయన దాని దిక్కు చూడనన్న చూడలే.

రెడాక్సైడ్ చాలదా అన్న.
గేటుకు చాలు, ట్రాక్టర్ ట్రాలీకి చాలు,
కారు రేకుకు ఎపాక్సీ కావాలె.
పాత రంగు ఏ జాతిదో ఎరుకేనా?
గుడ్డను థిన్నర్ల ముంచి రుద్దు.
గుడ్డకంటితే అది కచ్చా రంగు,
దాని మీద గట్టి మందు పడితే
విరిగిన పాల లెక్క ముడుతలు లేస్తది.

ఇంటికొచ్చి రుద్దిన.
గుడ్డ తెల్లగయింది.

ఇగ గీకుడే. తొమ్మిది ఆదివారాలు.
తెలుపు కింద పసుపు,
పసుపు కింద లప్పం, బొటనవేలు మందం.
ఎడమ తలుపు మీద ఎర్రగ ఒక ఎల్ తేలింది,
పక్కన సగం తెగిన మాట: "డ్రైవింగ్ స్కూ".
సైదమ్మ చేటను గడప మీద పెట్టి వచ్చి
లప్పం రాలిన సొట్ట మీద అరచెయ్యి ఆనిచ్చింది.
"ఇది నేనే కొట్టిన" అన్నది.
"వాడపల్లి రోడ్డుల, ఊక ట్రాక్టరు వెనుక.
క్లచ్చి అందక వీపుకు దిండు పెట్టుకుంటుంటి."
పద్నాలుగేండ్ల సంసారంల
ఈమెకు గేర్లు వచ్చని నాకెవ్వరు చెప్పలే.

బోరు నీళ్ళతో మాత్రం రుద్దకన్నడు భాయ్.
ఆరితే ఉప్పు నిలుస్తది,
ఉప్పు మీద ప్రైమర్ కొడితే ఎండలకు బుడగలొస్తయి.
మర్రిగూడెం దిక్కు పుట్టినోన్ని,
నా పండ్లను తిన్న నీళ్ళు
రేకును విడుస్తయా?
తాగే డబ్బా నీళ్ళు కారుకు పోసిన,
మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలే.

పంక్చర్ షాపుల కంప్రెషర్ కిరాయి.
నాలుగు దిక్కుల తడి చీరలు,
దుమ్ము లేవకుండ వాకిట్ల నీళ్ళు,
పిల్లను మేనత్త ఇంటికి తోలి
మూతికి రెండు బుడ్ల మాస్కు.
హార్డనర్ కలిపితే ఇగ గడియారం మనది కాదు,
డబ్బాలనే గడ్డకడ్తది.

బూడిద రంగు పొర పడ్డది,
చూసుకుంట నిలబడ్డ.
వేలుకు అంటీ అంటనట్టు ఆరుతుండంగ
గాలి తిరిగింది.
నేను కాంటా కాడ లారీలు తూసే మిల్లే,
నాకు జీతమిచ్చే మిల్లే,
దాని బాయిలర్ నుంచి ఊక బూడిద
నల్ల చినుకుల్లెక్క, బానెట్ మీద, కప్పు మీద.
నోటికొచ్చింది తిట్టిన.
ఎవర్నని తిట్టాలె? ఓనరునా, గాలినా?

ఫోన్ల భాయ్ నవ్విండు.
"తుడువకు. రేపటిదాంక ఆరనియ్యి.
చెక్కకు కాయితం సుట్టి సాపుగ రుద్దు.
నలుపు యాడ పోకుంటే ఆడ గుంత ఉన్నట్టు.
మేము పైసలు పెట్టి నల్లపొడి చల్లుకుంటం,
నీకు మిల్లు ఊకెనే ఇచ్చింది."

రుద్దిన. బానెట్ తేరింది, కప్పు తేరింది.
ఎడమ తలుపు మీద అరచెయ్యంత నలుపు మిగిలింది.
నింపాల్నా అని సైదమ్మను అడిగిన.
"నింపు" అన్నది. కొంచెంసేపాగి,
"మొత్తం నింపకు".

ఆర్సీల రంగు తెలుపని ఉన్నది,
నీలం కొడితే నల్లగొండ ఆఫీసుల అర్జీ పెట్టాలె.
కార్డు మీది సున్న అట్లనే ఉన్నది.
పొద్దుగూకినంక ఒకనాడు చూస్తే
బూడిద రంగు కారు గల్లీల మెల్లగ కదులుతున్నది,
లైట్లు వెయ్యకుండ,
స్టీరింగు వెనుక మా ఇంటి దిండు.

వచ్చే మంగళవారం మిల్లు బందట,
బాయిలర్ కడుగుతరట.
ముక్తార్ భాయికి ఫోన్ చెయ్యాలె.