సున్నపు గీత

నా పేరు ఓబులేసు.
కబ్బన్ పార్కుకు అటువైపున్న ఈ క్లబ్బులో
ఆ పేరు తెలిసింది హాజరు పుస్తకానికీ, చౌడమ్మకీ.
మిగతావాళ్ళకు నేను మార్కర్ని.

మార్కరంటే ఏందిరా అని హిందూపురంలో అడిగితే
పిల్లకాయలకు ఆట నేర్పే అయ్యవారన్నాను.
సగమే చెప్పాను.
తక్కిన సగం, మెంబర్లతో ఆడాలి,
ఆడి ఓడాలి.
ఊరికే ఓడితే కోపాలొస్తాయి.
నాలుగు-ఆరు, ఐదు-ఏడు,
చెమట కారేలా, మోకాలు పట్టుకునేలా,
కూరలో ఉప్పేసినట్టు చూసి చూసి ఓడాలి.
ముప్పై ఒక్కేళ్ళుగా జీతం దీనికే.

జూలైలో రెండు వారాలు
బార్‌లో పెద్ద టీవీకి వింబుల్డన్ వస్తుంది.
మేము లోపల కూర్చోకూడదు.
కిటికీ బయట, క్రోటన్ల మధ్య
ఖాళీ ఎరువు సంచి పరుచుకుని
నేనూ చౌడమ్మా.
పైన బెంగళూరు తుంపర.
అక్కడా తుంపర పడితే
మనుషులు పరుగున వచ్చి గడ్డికి దుప్పటి కప్పుతారు.
"పసిబిడ్డను కప్పినట్టు కప్పుతారే" అంటుంది,
కొంగు నెత్తిన వేసుకుంటూ.

మాకూ గడ్డి కోర్టుంది. ఒక్కటే.
కోసేదీ, రోలరు లాగేదీ, తుంగ పీకేదీ ఆమె.
గీతలు వేసేది నేను.

ఈసారి ఫైనల్లో
నేను సర్వీసు చూశాను, బంతి తిరుగుడు చూశాను.
లోపల గ్లాసులెత్తినవాళ్ళు కప్పు చూశారు.
చౌడమ్మ బేస్‌లైన్ చూసింది.
"బోడిదై పోయింది సూడన్నా.
మొదటి దినం పచ్చగా ఉండె.
ఎంతమంది తొక్కినారో."

లెక్క చెప్పాను.
నూట ఇరవై ఎనిమిది మంది వస్తారు.
నూట ఇరవై ఏడు మంది ఓడి పోతారు.
ఆమె వేళ్ళు మడిచి, మధ్యలో ఆపి,
"అట్లయితే ఆ మట్టి చానామటుకు
ఓడినోళ్ళదే కదన్నా" అంది.
అందరూ ఆ ఒక్క కోర్టులోనే ఆడరులే అనబోయి
ఊరుకున్నాను.

లోపల చప్పట్లు.
గెలిచిన కుర్రాడు వెల్లకిలా పడి,
లేచి, మోకాళ్ళ మీద వంగి
మిగిలిన పోచల్ని తడిమాడు.
మన మాటల్లో గడ్డి కరిచాడంటే లొంగిపోయాడని.
అక్కడ గెలిచినవాడు వంగుతాడు.
ఓడినవాడు నిలబడే ఉన్నాడు,
రాకెట్ తీగల్ని ఒక్కొక్కటే
వేలితో దాని గడిలోకి నెట్టుకుంటూ.
ఆ పని నాకు తెలుసు.
ఆ నిమిషంలో చేతులకు ఏదో ఒకటి ఇవ్వాలి.

బార్ గోడకు టేకు పలక ఉంది,
ముప్పై నాలుగు నుంచీ గెలిచినవాళ్ళు, బంగారు అక్షరాల్లో.
అందులో పదకొండు పేర్లకు
బ్యాక్‌హ్యాండ్ నేర్పింది నేనే.
ఆయుధపూజకు తుడిచేదీ నేనే.

సోమవారం ఆరున్నరకు కర్నల్ మేదప్ప వచ్చాడు.
"చూశావా మార్కర్, నిన్న?"
"చూశాను సార్."
సెట్టు ఐదు-ఐదుకు తెచ్చాను.
ఇక రెండు గేములు. రెండూ ఆయనవి.
గడ్డి తడిగా ఉంది, బంతి లేవడం లేదు.
గీతలు మాత్రం అప్పుడే వేసినవి,
పొడి సున్నం.
నా సర్వీసు, ముప్పై-నలభై.
ఎడమకు లోతుగా కొట్టి నెట్ దగ్గరికి వచ్చేశాడు.
పక్కన అరచేయంత సందు.
అక్కడ నేను నెట్‌లో కొట్టాలి.
ఎప్పుడూ నెట్‌లోనే కొడతాను.

సున్నం లేచింది.
చిటికెడు. తెల్లగా.

ఆయన వెనక్కి తిరిగి
చాలాసేపు ఆ చోటే చూశాడు.
"సారీ సార్" అంది నా నోరు, అలవాటుగా.
తర్వాత రెండు గేములూ
అనుకున్నట్టే ఆయనకు పోయాయి.
కోర్టు అంచున చౌడమ్మ తల ఎత్తలేదు,
తుంగ పీకుతూనే ఉంది.

బుధవారం గడ్డి కోసింది.
గురువారం సున్నం డబ్బాతో వెళ్తే
కుడి గీత చివర, ఆ చోట,
రూపాయి బిళ్ళంత మేర
కోయకుండా వదిలేసిన గడ్డి.