కాజా ఉంది, బొత్తాం లేదు

కాటన్‌పేటలో మా అంగడి సంచుల మీద
ఎనిమిదేళ్లుగా ఒక మెయిలు అడ్రసు అచ్చవుతోంది.
సంచులేసే కుర్రాడు ఊరికే పెట్టిచ్చాడు,
ఫోను నంబరు కింద ఉంటే అందంగా ఉంటుందని.
దాని తలుపు తీసి లోపలికి చూడాలని
నాకెన్నడూ తోచలేదు.

పోయిన మార్చిలో కెంగేరి బడివాళ్లన్నారు:
మూడొందల జతల యూనిఫారం,
రేట్లూ కొలతలూ మెయిల్లో పంపండి, కాగితాలొద్దు.

పక్క అంగడిలో కాజాలు కుట్టే ముబారక్
ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెచ్చి
నా కటింగు బల్ల మీద సుద్ద గీతల మధ్య పెట్టాడు.
పాస్‌వర్డు చూస్తే మా ఫోను నంబరే.
“ఇన్నేళ్లూ తాళం పక్కనే తాళంచెవి వేలాడింది కదక్కా!”

'ఎవరికి' అన్నచోట బడి అడ్రసు.
'విషయం' అన్నచోట రెండు ముక్కలే,
అక్కడ ఉత్తరమంతా రాయకూడదట.
కింద మాత్రం ఎంతో పొందిగ్గా రాశాను:
అయ్యా, కొలతల పట్టీ దీనికి జతపరిచాను.
పంపాను.
సాయంత్రానికి జవాబు: పట్టీ ఏదమ్మా?

తల కొట్టేసినట్టయింది.
ముప్పై ఏళ్లలో ఏ ఒక్క గుడ్డనూ
కొలతల చీటీ గుండుసూదితో గుచ్చకుండా
బల్ల దాటనివ్వలేదు నేను.

“జతపరిచానని రాస్తే జతపడదక్కా,
కాజా కుట్టి బొత్తాం మరిచావు.”
క్లిప్పు బొమ్మ నొక్కాలి, ఫైలు వెతకాలి,
నీలం గీత చివరిదాకా నిండేవరకూ
సూదిలోకి దారం ఎక్కించేటప్పటిలా
ఊపిరి బిగబట్టాలి.
ఇప్పుడు ముందు గుచ్చుతాను. రాయడం తర్వాతే.

ఆపైన ఇన్‌బాక్సు.
చదవనివి మూడువేల నాలుగొందల పదకొండు,
అన్నీ లావుపాటి నల్లక్షరాలు.
కత్తిరింపుల గోతం నేలమీద కుమ్మరించినట్టుంది.
అడగని అప్పులు, కట్టేసిన కరెంటు బిల్లులు,
కుట్టుమిషను కంపెనీ ఆరు ఉగాదుల శుభాకాంక్షలు,
నాకు కోటి తగిలిందన్న దొంగవెధవ.

ముక్కలు వేరుచేయడం నాకొకరు నేర్పక్కర్లేదు.
లైనింగు ఒక పక్క, ఫాల్సు ఒక పక్క,
జరీ తునక ఎంత చిన్నదైనా పారేయకూడదు.
అలాగే గూళ్లు కట్టాను: ఆర్డర్లు, బిల్లులు, బ్యాంకు,
ఇంకోటి 'ముబారక్‌నడగాలి'. అదే అన్నిటికంటే నిండింది.

మూడో ఆదివారం, గోతం అడుగున,
రెండేళ్ల కిందటి మెయిలు ఒకటి. పక్కన క్లిప్పు గుర్తు.
రాసింది వనజాక్షి అట.

'ఆపరేషనయ్యాక ఒకవైపు ఖాళీ అయిన ఒంటికి
రెండువైపులా సరిగ్గా కూర్చునే జాకెట్టు కుట్టారు.
ఒక్క ప్రశ్న అడగలేదు. కూలి కూడా పెంచలేదు.
చెల్లెలి పెళ్లిలో నన్నెవరూ రెండోసారి చూడలేదు.
నాకు కావలసింది అదే. ఫోటో పంపుతున్నాను.'

వంకాయరంగు జాకెట్టు.
నా కళ్లు ముందు ఎడమ చంక కింద కుట్టు దగ్గరికే పోయాయి,
లోపల దూది పొర వేసి మళ్లీ విప్పి మళ్లీ వేసినచోటికి.
ఒక్క ముడత లేదు.
ముఖం తర్వాత చూశాను.

“ఏ గూట్లో వేయమంటావక్కా? ఆర్డర్లలోనా?”
కాదన్నాను. బిల్లుల్లోనా అంటే కాదన్నాను.
చదివిందాన్ని చదవనట్టు మార్చడం వీలవుతుందా అనడిగాను.
వాడు వింతగా చూసి, ఒకటి నొక్కి చూపించాడు.
పలచబడ్డ వరుసల మధ్య అదొక్కటే ఇప్పుడు
చిక్కగా నల్లగా ఉంటుంది,
రోజూ పొద్దున అప్పుడే వచ్చినట్టు.

జవాబు మొదలుపెట్టి డ్రాఫ్టుల్లో వదిలేశాను.
క్లిప్పయితే నొక్కాను,
ఏం గుచ్చి పంపాలో ఇంకా తేలలేదు.

ఈలోగా బడివాళ్ల మెయిలు.
కాలరు అరంగుళం తగ్గించాలట.