ఎడమ అంచున

హీరోని చూడకండి.
వాడెలాగూ నిచ్చెన మీంచి జారతాడు,
సున్నం డబ్బా వాడి నెత్తిన బోర్లా పడుతుంది,
మీరు నవ్వుతారు. నవ్వండి, మేం కష్టపడిందీ అందుకే.
యాభై నాలుగో నిమిషంలో మాత్రం
తెర ఎడమ అంచున చూడండి.

నా పేరు లియోటా హార్గిస్. ఎనభై తొమ్మిదేళ్లు.
ఆ సినిమాకి నా ఉద్యోగం తప్పులు పట్టడం.
పోయిన షాట్‌లో గ్లాసులో పాలు ఎంతున్నాయో
ఈ షాట్‌లోనూ అంతే ఉండాలి.
టై ముడి, తడిసిన మోకాలు, కొరికిన బన్ను,
అన్నీ నా నోటుబుక్కులో.
వారానికి ఇరవై రెండు డాలర్లు. లంచ్ ఎవరిది వాళ్లదే.

వాల్‌నట్ తోట కొట్టేసిన నేల మీద
ఆ ఇంటిని నాలుగుసార్లు కట్టి మూడుసార్లు కూల్చాం.
పదకొండు తలుపులు. వంటగది లేదు.
మెట్లు పైదాకా వెళ్లి అక్కడే ఆగిపోతాయి,
ఆ తర్వాత కాలిఫోర్నియా ఆకాశం,
కింద పరుపు పట్టుకుని నలుగురు కుర్రాళ్లు.
ఇంటి ప్లాను నమిలే మేక ఒకటి కాదు, మూడు.
కాగితానికి బెల్లప్పాకం పూశాం.
మూడోదానికి ప్లాను నచ్చలేదు, దర్శకుడి టోపీ తినేసింది.
మీరు చూసేది అదే. ఆ టోపీ కొత్తది.

ఇక పొగగొట్టం.
కథ ప్రకారం అది వంకరగా లేవాలి.
తాపీపనికి సొనోరా నుంచి వచ్చిన యూసేబియోని పెట్టారు.
కట్టాడు. నిట్టనిలువుగా వచ్చింది.
కూల్చి మళ్లీ కట్టమన్నారు. మళ్లీ నిట్టనిలువే.
గుండుదారం లాక్కున్నారు. కంటితోనే కట్టేశాడు.
“చెయ్యి మాట వినడం లేదు సార్” అన్నాడు,
తప్పు చేసినవాడిలా అరచేతులు చూసుకుంటూ.
నాలుగోసారి పళ్లు బిగబట్టి రెండు వరసలు పక్కకి జరిపాడు.
ఆ రాత్రి నిద్రపట్టక,
లాంతరు పట్టుకుని వచ్చి సరిచేసి పోయాడు.

నిర్మాత పళ్లు నూరాడు. రోజుకింత ఖర్చు అని వేళ్లు మడిచాడు.
చివరికి కెమెరాని వంచారు.
కెమెరా వంగితే ఇల్లూ వంగి కనబడుతుంది కదా,
అందుకని జాకీలు పెట్టి ఇంటినంతా అటే వాల్చారు.
నటులందరి బూట్లకీ మేకులు కొట్టారు, అటే ఒరిగి నిలబడటానికి.
కాబట్టి ఆ సీన్‌లో మీకు తిన్నగా కనిపించేదంతా వంకర.
వంకరగా కనిపించేది ఒక్కటే తిన్న.
నమ్మకపోతే హీరోయిన్ మెడలో లాకెట్ చూడండి,
పొగగొట్టంతో పాటే ఒరిగి వేలాడుతుంది.
పాపం, దానికి నటన రాదు.

యాభై నాలుగో నిమిషం.
హీరో తన ఇంటిని చూసి మురిసిపోతుంటాడు.
ఎడమ అంచు నుంచి ఒక చెయ్యి వస్తుంది, తాపీతో,
ఇటుకల సందున పొంగిన సున్నాన్ని
చటుక్కున గీకి
వెళ్లిపోతుంది.
రెండు సెకన్లు కూడా ఉండదు.

నేను చూశాను.
పెన్సిల్ నా చేతిలోనే ఉంది.
ఒక్క మాట రాస్తే షాట్ మళ్లీ తీసేవాళ్లు.
“అంతా సరేనా లియోటా?” అన్నారు. సరే అన్నాను.
పెద్ద కారణమేం లేదు. ఆ రోజు నేను లంచ్ తెచ్చుకోలేదు,
పలకల గుట్ట మీద కూర్చుని
అతను టోర్టిల్లా చించి ఇస్తే తిన్నాను.
పెద్ద సగం నాకే ఇచ్చాడు.

పేర్ల పట్టికలో మేకల యజమాని ఉన్నాడు,
పరుపుల కంపెనీ ఉంది.
సినిమా అయ్యాక ఇంటిని విప్పి చెక్కలు వేలం వేశారు.
పొగగొట్టం కొన్నాళ్లు ఒంటరిగా నిలబడింది.
తర్వాత అక్కడ టైర్ల దుకాణం వచ్చింది.

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు,
గొంతులో నిధి దొరికినంత సంబరం.
“మేడమ్, మీరు వదిలేసిన తప్పు ఒకటి పట్టాను!
ఎవరిదో చెయ్యి!”
ఎడమచెయ్యి, అన్నాను. చిటికెన వేలికి గోరు లేదు.
కాసేపు అవతల చప్పుడు లేదు.
కాగితం ఉందా బాబూ, రాసుకో.
యూసేబియో సాల్దీవార్.
ఒక్కో అక్షరం చెప్పాను,
రెండుసార్లు.