కాసులమ్మ నెత్తిమీద స్తంభం

కెమెరా నీకిస్తున్నాను, ఢిల్లేశూ,
ఇస్తున్నానంటే ఇచ్చెయ్యడం కాదు, అరువు.
నా కుడికంట్లో పొర తీసేదాకా నీ దగ్గరుంచు.
పెట్టెలో గుళికల పొట్లాలు చెత్తనుకుని పారెయ్యకు,
చెప్పుల డబ్బాల్లోంచి ఒక్కొక్కటీ ఏరి దాచినవి.
ఈ ఊరి గాలి సగం నీళ్లు, మిగతా సగం ఉప్పు.
వాటిని మరిచిన ఒక్క వానాకాలంలో
నా మొదటి లెన్సు లోపల బూజు
సాలెగూడులా అల్లుకుంది.

షిప్‌యార్డులో ఇరవై ఆరేళ్లు
నల్లద్దం వెనక నుంచే వెలుగుని చూసినవాణ్ణి.
వెలుగంటే నాకు కళ్లలో ఇసక,
రాత్రంతా రెప్పల మీద బంగాళదుంప చెక్కలు.
అది మెత్తగా కూడా ఉంటుందని
నలభై తొమ్మిదో ఏట తెలిసింది,
ఫిషింగ్ హార్బర్‌లో, తెల్లారి ఐదున్నరకి.

కాబట్టి బేగి లే.
పది దాటాక బీచ్ రోడ్డు మీద ఎండ
మొహాలకి గుంటలు తవ్వుతుంది,
అప్పుడు కెమెరా సంచిలో పెట్టి టిఫిన్ తిను.
సాయంత్రం మాత్రం తొందరపడి ఇంటికి పోకు.
మన పొద్దు సముద్రంలో కాదు, కొండల వెనక కుంగుతుంది.
కుంగిన పావుగంటకి ఆకాశం నీలిమందు కలిపిన నీళ్లవుతుంది,
లంగరేసిన ఓడలు ఒక్కొక్కటే దీపం పెట్టుకుంటాయి.
చాలామంది అప్పటికే బస్సెక్కేసి ఉంటారు.

ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తేకు.
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు అద్దం చెమరుస్తుంది.
చొక్కా అంచుతో తుడవకు. తుడిచావని తెలిస్తే అరువు రద్దు.

ఎలక్ట్రోడ్ అంటించేముందు ఏం చేస్తాం?
మోచేతులు పక్కటెముకలకి ఆనించి
ఊపిరి సగం వదిలి, ఆపి,
అప్పుడు కదా చెయ్యి కదుపుతాం?
ఇదీ అంతే. మీట నొక్కకు, నిమిరినట్టు దించు.

సముద్రం గీత చూసుకో.
మట్టం పెట్టి ప్లేటు నిలబెట్టేవాడివి,
నీ ఫొటోలో బంగాళాఖాతం ఒక పక్కకి ఒలికిపోతే
డాక్‌లో అందరూ నవ్వుతారు.
వెయ్యో వంతు సెకనులో అల గాజుపెంకులవుతుంది,
అర సెకనిస్తే పొగవుతుంది.
ఆ అర సెకనుకి నీ చెయ్యి సరిపోదు,
గోడ మీద ఇసక సంచి వేసి దాని మీద కూర్చోబెట్టు.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు.
చెప్పనిది కాసులమ్మ చెప్పింది.

వేలంపాట దగ్గర, వంజరాల తట్ట నెత్తినెత్తుకుని
పక్కకి తిరిగి నవ్వుతుండగా తీశాను.
తట్టు మీద వెలుగు, చెవి తమ్మెల మీద వెలుగు,
వారం రోజులు నిద్రపట్టలేదు నాకు గర్వంతో.
పెద్ద సైజులో ప్రింటు వేయించి పట్టుకెళ్లాను.
ఆమె తడిచెయ్యి చీరకి తుడుచుకుని,
చాలాసేపు చూసి అంది:
"బాగానే ఉన్నాది గానీ బాబూ,
నా తట్టలోంచి కరెంటు స్తంభం మొలిసినాదేటి?
నా మొకమే సూసినావు,
ఎనకాల ఏటుందో సూసుకోవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంచుగడ్డలు కొట్టే కుర్రాడు కూడా.
నేను రెండడుగులు ఎడమకి వెయ్యాల్సింది.
రెండే అడుగులు.
ఆ రోజు నుంచి మనిషి కనబడగానే
ముందు మనిషి వెనక్కి చూస్తాను,
తర్వాతే మనిషిని.

రెండొందలు తీస్తే మూడు ఉంచు,
ఆ మూడూ నెలాగి మళ్లీ చూడు.
ఎవరి మొహం తీసుకున్నావో వాళ్లకి కాగితం మీద తిరిగివ్వు,
వాళ్లు పెట్టే వంకలు రాసుకో.

పెట్టె అడుగున ఒక కవరుంది, కాసులమ్మదే,
ఈసారి స్తంభం లేదు. కానీ మూల ఒక కాకి తోక ఉంది,
కనిపెడుతుందో లేదో చూసి నాకు చెప్పు.
డబ్బులు తీసుకోకు.
చేపిస్తే మాత్రం వద్దనకు,
కెమెరా సంచిలో పెట్టకు.