ఎండకు తేలిన తొవ్వ

పీర్ల సవారి లేచిన పొద్దు పుట్టిన్నని
మా తాత నాకు సవారమ్మ అని పేరు వెట్టిండు.
నలభై ఏండ్ల దాంక నేను చేసిన సవారి ఏంది—
కొల్లాపురం బస్సుల, రాడు పట్టుకొని, నిలవడి.

సైకిలు నేర్సుకున్నది సైప్రస్‌ల.
లార్నకా ఊరు. మంచాన వడ్డ ముసలి మాదాం.
మందులేసి, తానం పోసి, తల దువ్వి, మళ్ల మందులేసి
వారానికి ఐతారం ఒక్కటే నాది.
ఆమె పెనిమిటి సైకిలు కొట్టంల గోడకు ఒరిగి ఉండె.
మనిషి పోయి తొమ్మిదేండ్లు, బెల్లు ఇంకా మోగుతుంది.
"తీస్కపో, అదీ నా లెక్కనే పండుకున్నది" అన్నది.
రెండుసార్లు వడ్డ. మోకాలి తోలు ఆ రోడ్డు మీదనే ఉంది,
ఆ దేశంల నేను కూడవెట్టిన ఆస్తి అదే.

నేపాలు పిల్ల సుంతలి, నేను
ఒక ఐతారం కోడి కూయకముందే ఎల్లినం.
కుడిదిక్కు సముద్రం ఇడిసిపెట్టకుంట ఎంబడొస్తుంది.
ఆ నీళ్ల రంగుకు మా తాన పేరు లేదు—
మైలుతుత్తం కలిపిన బకీటు అంటే కొంచెం దగ్గరికొస్తది.
ఎడమదిక్కు ఆలుగడ్డ చేండ్లు, ఎర్రగ.
సైకిలు దిగి పిడికెడు మట్టి తీసి చూసిన.
మా చెలక!
"సముద్రం ఇడిసి మట్టి చూస్తవేందే" అని
సుంతలి కడుపు పట్టుకొని నవ్వింది.

ఆరేండ్లకు తిరిగొచ్చి
సెకండు హ్యాండుల ఒక లేడీస్ సైకిలు కొన్న, పద్దెనిమిది వందలు.
కిరాణం మల్లేశం ఉప్పు జోకుకుంట అడిగిండు:
"ఎవలికక్కా, మనుమరాలికా?"
"నాకే."
తక్కెడ కాసేపు అట్లనే ఆగింది.

సోమశిల దిగుడుల బ్రేకులు కీసుమంటయి.
మలుపు తిరగంగనే కృష్ణ—
అవతల నల్లమల, నడుమ దీవులు,
నీళ్లల్ల పండుకున్న బర్ల వీపుల లెక్క.
ఒడ్డుకు వలలు ఆరేసే నూకరాజుది సముద్రం పక్క ఊరు.
నా సైకిలును పుట్టిల అడ్డంగ పండవెట్టి తెడ్డు ఏసిండు.
పుట్టి ఒక దిక్కు తిరుగుతుంటే
గాలికి ముందటి చక్రం ఇంకో దిక్కు తిరిగింది.
నేను రెండింటి నడుమ కూసున్న, ఎటూ తిరగకుంట.
"ఇదీ సముద్రమేనా?" అంటే
చేత్తో ముంచి తాగి చూపిచ్చిండు.
"తాగగలిగితే సముద్రమెలా అవుద్దమ్మా!"

మే నెలల పుట్టి పని లేదు.
నీళ్లు ఎనకకు జరిగి జరిగి
మునిగిపోయిన రోడ్డును బయటవెడతయి.
అప్పట్ల బస్సు తిరిగిన రోడ్డట.
మైలురాయి ఉంది, అంకె లేదు.
మోరీ ఉంది, దాని కింద ఉడుకుతున్న గుంటల పిల్లచేపలు.
నెర్రెలిచ్చిన ఒండ్రు మీద టైరు దడదడ,
ఆలిచిప్పలు పటపట.
తొమ్మిది నెలలు దీవి అనిపిచ్చుకున్న గుట్టకు
నేను పైడిలు తొక్కుకుంటనే ఎక్కిన.

మీద మేకల పిలగాడు, గొడుగు చెట్టుకు కట్టి పండుకున్నడు.
కండ్లు నులుముకొని సైకిలు చూసి, నన్ను చూసి,
"ఏ తొవ్వన వొచ్చినవ్?" అన్నడు.
చూపిచ్చిన.
"అది ఇంకో ఇరవై దినాలే. పైన జూరాల గేట్లు లేస్తే అయిపాయె."
మేకకు చెప్పినట్టు చెప్పి మళ్ల పండుకున్నడు.

సుంతలికి ఫోటువ పంపిన.
ఇప్పుడు ఇంకెవలో మాదాం, ఇంకేదో ఊరు.
రాత్రికి జవాబు ఒచ్చింది: "ఏ సముద్రం అది?"
ఏం రాయాలె.

వాపసు వొస్తుంటే సగం తొవ్వల
ఆలిచిప్ప గీరి ఎనక టైరు కూసున్నది.
పంచరు సామాను మాదాం కొట్టంలనే మరిచిపోయి వొచ్చిన.
రెండుదిక్కుల నీళ్లు, నడుమ నేను,
హ్యాండిలు పట్టుకొని నడుస్తున్న.
ఊకెనే ఒకసారి బెల్లు కొట్టిన.
అడ్డం ఎవలూ లేరు.